వంపు కుట్టులో ముడత ఎక్కడ పుడుతుంది

గుడ్డ ముక్కలు అతికి కుట్టే దుప్పట్లు (క్విల్ట్‌లు) తిన్నటి కుట్లతో మూడు నాలుగు పూర్తి చేసినవాళ్ళు కూడా గుండ్రటి ముక్క చేతికి రాగానే ఆగిపోతారు. అందులో వింతేమీ లేదు. రెండు ముక్కల మంచి వైపులూ ఎదురెదురుగా పెట్టి చూడండి, ఒకటి ఇటు వంగి ఉంటుంది, ఇంకోటి అటు వంగి ఉంటుంది, మధ్యలో ఒక్క చోట తాకి రెండు చివరలా విడిపోతాయి, ఇవి కలిసి ఒకే చదునైన ముక్క అవుతాయంటే కళ్ళు ఒప్పుకోవు. దాంతో "నా చెయ్యి ఇంకా కుదరలేదు" అనుకుని మళ్ళీ చతురస్రాల దగ్గరికి వెళ్ళిపోతాం. నేనూ రెండేళ్ళు అలాగే తప్పించుకున్నాను.

కానీ ముడత చాలాసార్లు మిషన్ ఎక్కకముందే పుట్టేస్తుంది, కుట్టు కోసం మనం వదిలే ఆ పావు అంగుళం మార్జిన్‌లో. ఆ పావు అంగుళం ఏం చేస్తుందో ఒకసారి అర్థమైతే గుండుసూదులు ఎక్కడ పెట్టాలి, ఏ ముక్క పైన ఉండాలి, ఇస్త్రీ ఎటు చెయ్యాలి అన్నవి బట్టీ పట్టాల్సిన పని ఉండదు. అందుకే ముందు కొంచెం లెక్క చెబుతాను, ఓపిక పట్టండి. పదో తరగతి లెక్కే.

పూర్తయ్యాక 6 అంగుళాలు ఉండే ఒక చదరం తీసుకుందాం. దాని ఒక మూల నుంచి 4 అంగుళాల వ్యాసార్థంతో పావు వృత్తం. మూలలో ఉన్న దాన్ని పావు ముక్క అందాం, మిగిలినది ఎల్ అక్షరంలా కనిపిస్తుంది కాబట్టి అది ఎల్ ముక్క. రెండూ కలిసే కుట్టు గీత ఒక్కటే, దాని పొడవు 6.28 అంగుళాలు. ఇప్పుడు మార్జిన్ కలపండి. పావు ముక్కకి మార్జిన్ బయటికి పెరుగుతుంది, అంటే కోత అంచు వ్యాసార్థం 4¼ అయింది, పొడవు 6.68 అంగుళాలైంది. ఎల్ ముక్కకి మార్జిన్ లోపలికి పెరుగుతుంది, కోత అంచు వ్యాసార్థం 3¾కి తగ్గింది, పొడవు 5.89కి పడిపోయింది. కుట్టాల్సిన గీతలు రెండిటికీ సమానమే. కానీ మనం చేత్తో పట్టుకునేది, కంటితో చూసేది, గుండుసూది గుచ్చేది కోత అంచుల్ని, వాటి మధ్య తేడా ముప్పావు అంగుళం పైమాటే. తిన్నటి కుట్టులో అంచుకి అంచు కలిపితే కుట్టు గీతకి కుట్టు గీత దానంతటదే కలుస్తుంది, మన చేతులకి అదే అలవాటు. వంపులో ఆ అలవాటే మోసం చేస్తుంది. ఎల్ ముక్క అంచు పొట్టిగా ఉంది కదా అని దాన్ని చివరికంటా లాగి పట్టుకుంటాం, లేదా పావు ముక్క అంచు ఎక్కువైంది కదా అని అక్కడక్కడా మడత వేసి దాచేస్తాం. కుట్టు పూర్తయ్యాక తెరిచి చూస్తే ఆ మడతే ముడతగా కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఈ తేడా, పావు వృత్తం ఎంత పెద్దదైనా ఎంత చిన్నదైనా మారదు. వ్యాసార్థం 2 అంగుళాలైతే కోత అంచులు 2.75, 3.53. వ్యాసార్థం 8 అంగుళాలైతే 12.17, 12.96. చిన్నదానిలోనూ పెద్దదానిలోనూ అదే 0.79. మారేదల్లా దాన్ని పంచుకోవడానికి ఉన్న చోటు: 8 అంగుళాల వంపులో ప్రతి అంగుళం గుడ్డా కొద్ది కొద్దిగా సర్దుకుంటే సరిపోతుంది, 2 అంగుళాల వంపులో ఒక్కో అంగుళం మీదా నాలుగు రెట్ల పైన భారం పడుతుంది. కాబట్టి "మొదటిది కదా, చిన్న ముక్కతో మొదలుపెడదాం" అనుకోవడం ఇక్కడ తలకిందులు. మొదటి వంపు పెద్దదిగా ఉండాలి. 4 అంగుళాల వ్యాసార్థం కంటే తక్కువతో మొదలుపెట్టకండి అని నేనైతే గట్టిగా చెబుతాను.

తేడా దేని మీద ఆధారపడుతుందంటే, వంపు మొత్తం మీద ఎంత మలుపు తిరిగింది అన్నదాని మీద. పావు వృత్తం 90 డిగ్రీలు తిరుగుతుంది. 30 డిగ్రీలే తిరిగే వంపులో తేడా పావు అంగుళం చిల్లర, గుడ్డ అసలు గుర్తు కూడా పట్టదు. పాములా ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగి చివరికి మళ్ళీ మొదటి దిక్కుకే వచ్చే వంపులో అయితే ఒక మలుపులో పెరిగింది ఇంకో మలుపులో తగ్గి, మొత్తం మీద రెండు అంచులూ సమానమైపోతాయి. కొందరు రెండు గుడ్డల్నీ మంచి వైపు పైకి ఉండేలా ఒకదాని మీద ఒకటి పరిచి, కొలతలేమీ లేకుండా కత్తితో ఒక అలలా కోసేసి, కోసిన ముక్కల్ని మార్చి అతికేస్తారు, అది చదునుగా వస్తుంది. అలలు నిదానంగా ఉన్నంతవరకే అది సాధ్యం. గట్టి మలుపు దగ్గర ఆ పద్ధతి పని చెయ్యదు.

ఇక్కడే కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు దొరుకుతుంది. ఇంట్లో పళ్ళెం బోర్లించి సుద్దతో గీత గీస్తారు, ఆ గీత మీద పావు ముక్క కోస్తారు, అదే పళ్ళెం పెట్టి ఎల్ ముక్క కూడా కోస్తారు. చూడటానికి రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి, ముచ్చటగా ఉంటుంది. కానీ కుట్టాక పావు ముక్క పావు అంగుళం లోపలికి పోతుంది, ఎల్ ముక్క పావు అంగుళం బయటికి పోతుంది, అంటే ఇప్పుడు కుట్టు గీతలే 0.79 అంగుళాల తేడాతో ఉన్నాయి. ఇక ఏ గుండుసూదీ దాన్ని సరిచెయ్యలేదు. వంపు ముక్కలకి గుడ్డ మీద పెట్టి గీసుకునే అట్టలు రెండు వేర్వేరుగా కావాలి, వేర్వేరు వంపులతో.

అట్టలు చేసుకోవడం కష్టమేమీ కాదు. మందపాటి కాగితం మీద 6 అంగుళాల చదరం గీసి, ఒక మూలలో కంపాస్ ముల్లు పెట్టి 4 అంగుళాల వంపు గీసి, ఆ గీత మీద కత్తిరించండి. వచ్చిన రెండు ముక్కల్నీ విడివిడిగా ఇంకో అట్ట మీద పెట్టి, ఒక్కోదాని చుట్టూ, అన్ని వైపులా, పావు అంగుళం కలిపి గీయండి. "అన్ని వైపులా" అన్న మాట తేలిగ్గా తీసుకోవద్దు. గుడ్డ మూలలోనే కంపాస్ ముల్లు పెట్టి 4¼ అంగుళాల వంపు నేరుగా గీసేస్తే, పావు ముక్క తిన్నటి అంచులకి మార్జిన్ లేకుండా పోతుంది, అలాంటివి నాలుగు కలిపినప్పుడు రావాల్సిన వృత్తం అతుకుల దగ్గర నొక్కుకుపోయినట్టు వస్తుంది. సరిగ్గా చేస్తే పావు ముక్క తిన్నటి అంచు 4½ అంగుళాలు, ఎల్ ముక్క పెద్ద అంచు 6½ అంగుళాలు రావాలి. రెండు అట్టల మీదా వంపు సరిగ్గా మధ్యలో ఒక చిన్న గుర్తు పెట్టుకోండి.

గుడ్డ కొయ్యడానికి మంచి కత్తెర చాలు. 1979లో జపాన్ కంపెనీ ఓల్ఫా రోటరీ కట్టర్ (చక్రంలా తిరిగే బిళ్ళ కత్తి) తెచ్చాక క్విల్టర్ల పని చాలా మారిపోయింది, నిజమే, కానీ మామూలుగా అమ్మే 45 మిల్లీమీటర్ల బిళ్ళ కత్తి వంపుల దగ్గర తిరగడానికి మొరాయిస్తుంది, అదే కొనాలనుకుంటే 28 మిల్లీమీటర్లది తీసుకోండి.

గుడ్డ సంగతి. పడుగు దారం నిలువుగా, పేక దారం అడ్డంగా, ఈ రెండు దిక్కుల్లోనూ నేత గుడ్డ పెద్దగా సాగదు. ఐమూలగా లాగితే సాగుతుంది, టైలర్లు దీన్నే క్రాస్ అంటారు. పావు ముక్క తిన్నటి అంచులు పడుగు పేకల వెంట ఉండేలా కోస్తే, వంపు మధ్యభాగం సరిగ్గా ఐమూల మీద పడుతుంది, రెండు చివరలకి వచ్చేసరికి మళ్ళీ పడుగు పేకల దిక్కుకి వచ్చేస్తుంది. అంటే ఒకే వంపులో మధ్య భాగం మెత్తగా లొంగుతుంది, చివరి అర అంగుళం అసలు లొంగదు. మధ్యలో అంతా బాగానే వచ్చి చివరలో ముక్కలు జారిపోవడం అందరికీ ఎదురయ్యేదే, దాని వెనక కారణం ఇది. కోసేముందు గుడ్డకి పలచగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే ఐమూల అంచు చేతిలో ఊరికే సాగిపోకుండా ఉంటుంది. గంజి ఎక్కువైతే మాత్రం మనకి కావాల్సిన ఆ కాస్త సాగుడు కూడా పోతుంది. పెడన కలంకారీ అద్దకం గుడ్డలు, మంగళగిరి కాటన్ మిగులు ముక్కలు వాడుతుంటే ముందు ఒకసారి తడిపి ఆరబెట్టండి. పట్టు ముక్కల జోలికి మొదట్లో వెళ్ళొద్దు, జారిపోతాయి.

జాకెట్లు కుట్టడం వచ్చినవాళ్ళు ఈపాటికి "ఇది ప్రిన్సెస్ కట్ లాంటిదే కదా" అనుకుంటుంటారు. అవును, చేతికి పని అదే, ప్రిన్సెస్ కట్, అంటే జాకెట్‌లో ఛాతీ మీదుగా కిందికి దిగే వంపు కుట్టు, అతకడం వచ్చినవాళ్ళకి సగం దూరం నడిచినట్టే. కానీ ఉద్దేశం పూర్తిగా వేరు. ప్రిన్సెస్ కట్‌లో పక్క ముక్క వంపు, మధ్య ముక్క వంపు కావాలనే ఒకేలా ఉంచరు, ఎందుకంటే కలిపాక గుడ్డ పైకి లేవాలి, ఒంటి మీద కూర్చోవాలి. దుప్పటికి ఒళ్ళు లేదు. అది నేల మీద పరిస్తే నేలలా ఉండాలి, కాబట్టి రెండు కుట్టు గీతలూ ఒకే వంపు, ఒకే పొడవు, ఎక్కడా ఒక్క నూలుపోగంత తేడా అక్కర్లేదు. జాకెట్‌లో కొంచెం పొంగు వస్తే అది కటింగ్ గొప్పతనం, ఇక్కడ అదే పొంగు కొలత తప్పిందన్న సమాచారం. ఇంకో అలవాటు కూడా వదులుకోవాలి: జాకెట్ కుట్టే చేతికి అర అంగుళం మార్జిన్ వదలడం అలవాటు. అదే మార్జిన్ ఇక్కడ వదిలితే కోత అంచుల తేడా రెట్టింపై ఒకటిన్నర అంగుళం దాటుతుంది. క్విల్టింగ్‌లో పావు అంగుళమే ఎందుకని చిరాకు పడేవాళ్ళకి ఇది చెప్పాలనిపిస్తుంది, వంపుల దగ్గర ఆ పావు అంగుళమే మనల్ని కాపాడుతోంది.

ఇప్పుడు కుట్టడం. రెండు ముక్కల వంపుల్నీ సగానికి మడిచి గోటితో గీరి మధ్య గుర్తు పెట్టండి. మంచి వైపులు ఎదురెదురుగా, మధ్య గుర్తుకి మధ్య గుర్తు కలిపి ఒక గుండుసూది. తర్వాత రెండు చివరలా ఒక్కోటి, ఇక్కడ తిన్నటి అంచులు సరిగ్గా ఒకదాని మీద ఒకటి ఉండాలి, వెంట్రుకవాసి తేడా కూడా రానివ్వకండి. ఈ మూడూ కుదిరాక మధ్యలో ఖాళీల్లో ఇంకో రెండేసి. చిన్న వంపులకైతే నేను ఇంకా ఎక్కువ పెడతాను, లేదా చేత్తో కచ్చా కుట్టు వేసేస్తాను, అయిదు నిమిషాలు ఎక్కువ పడుతుంది కానీ టెన్షన్ ఉండదు. ఒక చిన్న కిటుకు: గుండుసూదిని అంచు దగ్గర కాకుండా కుట్టు గీత మీద, కొంచెం గుడ్డనే పట్టుకునేలా గుచ్చండి. మనం కలపాల్సింది ఆ గీతల్ని కదా.

ఏ ముక్క పైన అన్నదాని మీద క్విల్టర్లలో రెండు వర్గాలున్నాయి. నేను ఎల్ ముక్క పైన పెడతాను. మిషన్ పళ్ళు కింద గుడ్డని లాగుతాయి, పైన గుడ్డ ప్రెజర్ ఫుట్ (గుడ్డని నొక్కి పట్టే పాదం) కింద కొంచెం వెనకబడుతుంది, కాబట్టి అంచు ఎక్కువ ఉన్న ముక్క కిందుంటే దాని ఎక్కువని మిషనే కొంత మింగేస్తుంది. పైన ఉన్న ఎల్ ముక్కని వేళ్ళతో మెల్లగా విప్పుతూ, పావు ముక్క వంపు మీదికి తెచ్చి పడుకోబెడుతూ పోవచ్చు. రెండో వర్గంవాళ్ళు పావు ముక్క పైన పెడతారు, మడతలు కంటికి కనిపిస్తాయని. రెండూ ఒక్కోసారి కుట్టి చూసి మీ చేతికి ఏది కుదిరితే అది పెట్టుకోండి.

కుట్టు పొడవు 2 మిల్లీమీటర్ల దగ్గర పెట్టండి, పొట్టి కుట్లు వంపుని నునుపుగా తిప్పుతాయి. రెండు మూడు కుట్లు వేసి, సూది గుడ్డలో దించి ఉంచి, ఫుట్ ఎత్తి, గుడ్డ సర్ది, మళ్ళీ దించి కుట్టాలి. కాలితో తొక్కే పాత మిషన్ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే వేసుకోవచ్చు. ఫుట్ అంచు పావు అంగుళం అని నమ్మకండి, స్కేలుతో కొలిచి సూది నుంచి పావు అంగుళం దూరంలో మిషన్ పలక మీద ఒక టేపు ముక్క అంటించండి. చూపు సూది మీద కాకుండా ఆ టేపు మీద, సూదికి ఎదురుగా ఉన్న ఆ ఒక్క చోట ఉండాలి. ముందు వచ్చే వంపంతా ఇప్పుడే టేపు దగ్గరికి తెచ్చేద్దామని గుడ్డని తిన్నగా లాగితే ఐమూల భాగం సాగి అలలు తేలుతుంది.

చివరి అర అంగుళం దగ్గర ఆగండి. గుండుసూదిని ముందే తీసెయ్యొద్దు, వేళ్ళు అంత దగ్గరికి పోవు కాబట్టి లావు సూది మొనతో రెండు అంచుల్నీ కలిపి నొక్కి పట్టుకుని ఫుట్ కిందికి పంపండి.

ఎల్ ముక్క అంచుకి గాట్లు పెట్టాలా అని అందరూ అడుగుతారు. జాకెట్ చంక దగ్గర పెట్టినట్టు ఇక్కడా పెట్టాలనిపిస్తుంది. 4 అంగుళాల వంపుకి అవసరం లేదు, ఐమూల సాగుడే సరిపోతుంది. 2 అంగుళాల వంపు అయితే వంపు మధ్యభాగంలో మాత్రం, అర అంగుళానికొకటి చొప్పున, మార్జిన్‌లో సగం లోతు వరకే పెట్టండి. మనకున్నదే పావు అంగుళం, గాటు కుట్టు దాకా వెళ్ళిందంటే నాలుగు ఉతుకుల్లో అక్కడ చిరుగుతుంది. పావు ముక్కకి గాటు ఎప్పుడూ అక్కర్లేదు.

ఇస్త్రీ ఎటు అన్నదానికీ లెక్కే జవాబు చెబుతుంది. మార్జిన్ రెండూ ఎల్ ముక్క వైపుకి తిప్పితే, పావు ముక్క మార్జిన్ ఉన్న చోటే చదునుగా ఉంటుంది, ఎల్ ముక్క మార్జిన్ కొంచెం సాగాలి, సాగుతుంది. పావు ముక్క వైపుకి తిప్పితే 6.68 అంగుళాల అంచు 5.89 అంగుళాల చోట్లో ఇరుక్కోవాలి, అంటే లోపల చిన్న చిన్న కుచ్చులు, పైనుంచి గడ్డల్లా తగులుతాయి. నేను ఎల్ వైపుకే చేస్తాను. ముందు కుట్టుని ఉన్నదున్నట్టు ఒకసారి నొక్కి, తర్వాత తెరిచి, ఇస్త్రీపెట్టె ఎత్తి ఎత్తి పెట్టాలి. రుద్దితే ఐమూల సాగుతుంది.

అయినా సరిగ్గా రాలేదనుకోండి. విప్పేముందు ముక్కని బల్ల మీద పరిచి చూడండి, తప్పు ఎటు జరిగిందో అదే చెబుతుంది. మార్జిన్ తక్కువ పట్టి, పావు అంగుళం బదులు అంగుళంలో ఎనిమిదో వంతు దగ్గర కుట్టేస్తే, పావు ముక్క కుట్టు గీత 6.48, ఎల్ ముక్కది 6.09 అవుతాయి, పావు ముక్కకి గుడ్డ ఎక్కువై మధ్యలో పూరీలా పొంగుతుంది. మార్జిన్ ఎక్కువ పట్టి ఇంకో ఎనిమిదో వంతు లోపలికి కుడితే లెక్క తిరగబడుతుంది, ఈసారి ఎల్ ముక్కకి గుడ్డ ఎక్కువై దాని అంచులు అలలుగా లేస్తాయి. మొత్తం చదునుగానే ఉండి ఒక్కచోటే మడత పడితే, అది గుండుసూదుల మధ్య ఖాళీ ఎక్కువైన చోటు, దాని చుట్టూ ఒక అంగుళం మాత్రమే విప్పి మళ్ళీ కుడితే చాలు. ఈ మూడూ వేరు చేసి చూడటం వచ్చాక విప్పడం నాకు బాధగా అనిపించడం మానేసింది.

ఇంత చెప్పాను కాబట్టి ఈ చదరం పేరు కూడా చెప్పాలి. అమెరికాలో దీన్ని డ్రంకార్డ్స్ పాత్ అంటారు, తాగుబోతు నడిచిన దారి. సంప్రదాయ పద్ధతిలో 16 చదరాల్ని నాలుగు వరసలుగా, ఒక్కోదాన్ని ఒక్కో దిక్కుకి తిప్పి అతికితే వంపులన్నీ కలిసి తూలుతూ పోయే దారిలా కనిపిస్తాయి. అక్కడ మద్యానికి వ్యతిరేకంగా ఆడవాళ్ళు ఉద్యమం నడిపిన కాలంతో ఈ నమూనాని ముడిపెట్టి చెప్పుకుంటారు, 1874లో క్లీవ్‌లాండ్‌లో వాళ్ళు క్రైస్తవ మహిళా మద్యపాన వ్యతిరేక సంఘం పెట్టుకున్నారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు వెంటనే నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొచ్చింది, 1992లో అక్కడి ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం. ఈ రెండిటికీ చరిత్రలో సంబంధం లేదు, కానీ ఆ పేరున్న చదరం కుడుతూ అది తలుచుకోకుండా ఉండటం తెలుగువాళ్ళకి కష్టం.

మా అమ్మమ్మ కుట్టిన బొంతలో వంపు ముక్కలు ఉండేవి కావు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి చేతికుట్టు వేసేది, చిరిగిన చోట ఒక ముక్క పైన పెట్టి అంచు లోపలికి మడిచి కుట్టేది. గుండ్రం కావాలన్నా ఆ దారి ఎప్పుడూ ఉంది. ఒడిశాలోని పిపిలిలో చేసే అతుకు పనిలో పువ్వులూ ఏనుగులూ అన్నీ ఇలా గుడ్డ మీద గుడ్డ పెట్టి కుట్టేవే. వంపు అతకడం కుదరకపోతే వృత్తాన్ని పైన పెట్టి కుట్టండి, అదేమీ తక్కువ పని కాదు. కాకపోతే అక్కడ రెండు పొరలుంటాయి, మందం వస్తుంది, ఒకే పొరలో ఒక రంగు ఇంకో రంగులోకి వంపు తిరిగే అందం మాత్రం అతికితేనే వస్తుంది.

మొదటిసారికి నాలుగు చదరాలు చాలు. ఎల్ అట్టని 6½ బదులు 6¾ చేసుకోండి, పెరగాల్సింది బయటి అంచులే, వంపు జోలికి వెళ్ళొద్దు. కుట్టి ఇస్త్రీ చేశాక పావు ముక్క ఉన్న మూల నుంచి కొలిచి, మిగిలిన పావు అంగుళం అవతలి వైపు అంచుల్లో కత్తిరించి 6½కి తెండి. అప్పుడు స్కేలు ఆ మూలలో పెట్టి రెండు అంచుల మీదా కుట్టు ఎక్కడ తాకిందో చూడండి. రెండు చోట్లా 4¼ దగ్గర తాకితే, ఆ నాలుగిటినీ పావు ముక్కలు మధ్యకి వచ్చేలా తిప్పి కలపండి, మధ్యలో 8 అంగుళాల వృత్తం వస్తుంది.